ఎస్టీమ్ హెడ్, పాత బలెనో బ్లాకు, స్విఫ్ట్ డీజిల్ టర్బో: మూడూ కలిపితే నిలబడుతుందా?

గాజువాక_ఎస్టీమ్:
అందరికీ నమస్తే. నాది 2004 మారుతీ ఎస్టీమ్ విఎక్స్ఐ. నాన్నగారి కారు, అమ్మే ఉద్దేశం లేదు. నలుగురం ఎక్కి ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్‌లోకి వెళ్తే చాలు, రెండో గేరు వదలనివ్వదు. పోయిన నెల ఆటోనగర్ స్క్రాపులో పాత బలెనో ఇంజిన్ ఒకటి తక్కువలో దొరికింది. ఇప్పటి హ్యాచ్‌బ్యాక్‌ది కాదు, అప్పటి 1.6 సెడాన్‌ది. హెడ్ (వాల్వులు ఉండే పై భాగం) వేడెక్కి పగిలింది, బ్లాకు (సిలిండర్లు ఉండే కింది భాగం), క్రాంకు బాగానే ఉన్నాయి. నా ఎస్టీమ్ హెడ్‌కి కిందటేడే వాల్వులు కొత్తవి వేయించాను కాబట్టి ఆ హెడ్ తీసి ఈ బ్లాకు మీద పెట్టి, స్విఫ్ట్ డీజిల్ టర్బో (ఇంజిన్ పొగతో తిరిగి గాలిని బలంగా లోపలికి తోసేది) తగిలించేస్తే సరిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు, కంప్రెషన్ (పిస్టన్ గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) ఎక్కువైతే హెడ్‌కీ బ్లాకుకీ మధ్య మందపాటి హెడ్ గ్యాస్కెట్ వేద్దాం అంటున్నాడు. చేతిలో ఉన్నది 80 వేలు. ఇది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఎక్కడ దెబ్బ తింటానో చెప్పండి.

బోరింగ్_షాపు:
తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లుగా బోరింగ్, హెడ్ ఫేసింగ్ పనిలోనే ఉన్నాను. పానా పట్టుకునే ముందు కాగితం, పెన్ను పట్టుకో. ఎస్టీమ్ బోరు (సిలిండర్ వెడల్పు) 74 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5. అంటే ఒక్కో సిలిండర్ సుమారు 325 సీసీ. బలెనో బోరు 75, స్ట్రోకు 90, సిలిండర్‌కి 398 సీసీ. ఎస్టీమ్ కంప్రెషన్ 9.5 అనుకుందాం. అప్పుడు పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 38 సీసీ ఉండాలి. అదే 38 సీసీ ఖాళీలోకి 398 సీసీ గాలిని నొక్కితే కంప్రెషన్ 11.4కి పోతుంది. టర్బో లేకుండానే నాకింగ్‌కి (పెట్రోల్ తనంతట తానే పేలి ఇంజిన్‌ని కొట్టడానికి) దగ్గర పడే లెక్క అది, టర్బో పెడితే ఇంక చెప్పక్కర్లేదు.

బూస్టుకి (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడికి) కంప్రెషన్ 8.5 దగ్గర ఉంచాలంటే ఖాళీ 53 సీసీ కావాలి, అంటే ఇంకో 15 సీసీ. 75 బోరు మీద ఒక మిల్లీమీటరు గ్యాస్కెట్ మందం ఇచ్చేది 4.4 సీసీయే. 15 సీసీ రావాలంటే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పెంచాలి, అంత గ్యాస్కెట్ ఏ బోల్టులూ బిగించి ఉంచలేవు. ఒకవేళ ఉంచినా పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య ఉండే సన్నటి సందు పోతుంది. ఆ సందే చివర్లో పెట్రోల్ గాలిని మధ్యకి తోసి, బాగా కలిపి, త్వరగా మండిస్తుంది. అది పోతే కంప్రెషన్ తగ్గించి కూడా నాకింగ్ తెచ్చుకున్నట్టే. తగ్గించాలంటే పిస్టన్ తల మీద గుంట ఉండాలి, గ్యాస్కెట్‌తో కాదు.

ఇదంతా ఆ ఖాళీ మొత్తం హెడ్‌లోనే ఉంటే. బలెనో పిస్టన్‌లోనే గుంట ఎక్కువ ఉంటే లెక్క కొంత మారుతుంది. అది కొలిస్తేనే తెలుస్తుంది. హెడ్ తిరగేసి, వాల్వులు, ప్లగ్గు బిగించి ఉంచి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలకని అంచుకి గ్రీజు రాసి అతికించు. సిరంజితో నూనె నింపు, ఎన్ని సీసీ పట్టిందో రాసుకో, నాలుగు ఛాంబర్లూ. అరగంట పని. దానికి ముందు బలెనో గ్యాస్కెట్‌ని నీ హెడ్ మీద పెట్టి చూడు, బోల్టు రంధ్రాలే కాదు, ఆయిల్ దారి, నీళ్ల దారి ఎక్కడైనా మూసుకుంటుందా అని. టైమింగ్ బెల్టు పొడవు కూడా చూసుకో.

ఇంకొకటి, మన దగ్గర చాలా కార్లలో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తారు, స్క్రాపు బ్లాకుల్లో నీటి దారులు తుప్పు, సున్నంతో సగం పూడిపోయి ఉంటాయి. హెడ్ ఎందుకు పగిలిందో కూడా అదే చెప్తుంది. బ్లాకు ప్రెజర్ టెస్ట్ చేయించకుండా రూపాయి ఖర్చు పెట్టొద్దు.

సబ్బవరం_రోడ్డు:
నేను నా పాత 1.3 పెట్రోల్ స్విఫ్ట్‌కి ఇలాగే డీజిల్ టర్బో పెట్టాను, ఇసియు (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మార్చలేదు. అర బార్ బూస్టు మీద మూడు వారాలు అద్భుతంగా నడిచింది, నాలుగో వారం సబ్బవరం దగ్గర హైవే మీద మూడో సిలిండర్ పిస్టన్ అంచు కరిగిపోయింది. తప్పు మెకానిక్‌ది కాదు, నాది. టర్బో లేని కారు మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) మామూలు గాలి ఒత్తిడి వరకే చదువుతుంది. దాని పైన ఎంత గాలి వస్తున్నా ఇసియుకి తెలియదు, పెట్రోల్ పెంచదు. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు, దానికి అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి. నాకింగ్ తట్టుకోవడంలో అది మేలే, కానీ పల్చగా మండితే ఆ మేలు పిస్టన్‌ని కాపాడదు. పాత రబ్బరు పెట్రోల్ గొట్టాలు కూడా మార్చేయండి.

130 గుర్రాలు కావాలంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 250 సీసీ దాకా పెట్రోల్ పోయగలగాలి. తక్కువ ఖర్చులో ఇసియు అంటే స్పీడ్యునో, ఆర్డ్యునో మెగా అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడుస్తుంది, బూస్టు చదివే సెన్సార్ పెట్టుకోవచ్చు. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (గాలి, పెట్రోల్ పాళ్లు చూపేది) లేకుండా మాత్రం దాన్ని ట్యూన్ చేయొద్దు, గుడ్డిగా పోయినట్టే.

టర్బో సంగతి. డీజిల్ పొగ మామూలుగా 800 డిగ్రీల లోపే, పెట్రోల్ ఫుల్ లోడ్‌లో 900 దాటిపోతుంది. రెక్కలు కదిలే వీజీటీ టర్బో అయితే ఆ వేడికి పట్టేస్తుంది. స్విఫ్ట్ డీజిల్ టర్బో చిన్నది, 4500 దగ్గర పని ముగించే 1.25 లీటర్ ఇంజిన్ కోసం చేసింది. మీ 1.6 పెట్రోల్ 6000 తిరిగితే పొగ బయటికి పోలేక ఇంజిన్ మీదే తిరగబడుతుంది. టాటా జెస్ట్ పెట్రోల్ కారు టర్బో వెతకండి. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు, మామూలు ఎంపీఎఫ్ఐ, 90 పీఎస్. పెట్రోల్ వేడికే చేసిన టర్బో కాబట్టి తక్కువ బూస్టుకి సరిపోతుంది. టర్బో ఆయిల్ తిరిగి సంప్‌లోకి (ఇంజిన్ అడుగు తొట్టిలోకి) పడే గొట్టం లావుగా, నేరుగా కిందికి ఉండాలి, ఎక్కడా వంపు తిరిగి పైకి లేవకూడదు.

మర్రిపాలెం_ఆర్సీ:
ఒక్క మాట. బండిని ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. 1298 సీసీ బండిలో 1590 సీసీ బ్లాకు అంటే ఇంజిన్ నంబరు, సీసీ రెండూ ఆర్సీలో తప్పు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఘాట్‌లో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట ఇంజిన్ నంబరే చూస్తుంది, కారులో మీ నాన్నగారు ఉంటారని మర్చిపోకండి. ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. బ్రేకులు కూడా చూసుకోండి, వెనక డ్రమ్ములే కదా.

గాజువాక_ఎస్టీమ్:
బోరింగ్ అన్నా, ఆ లెక్క రెండుసార్లు వేసి చూశాను, నిజమే. గ్యాస్కెట్ ఆలోచన మానేశాను. 1.6 మామూలుగానే 94 గుర్రాలు ఇస్తుంది, నా ఎస్టీమ్‌ది 85. అందుకని మొదట మంచి బలెనో హెడ్ దొరుకుతుందేమో వెతుకుతాను, ఆర్టీవోలో అడుగుతాను, వాళ్లు ఒప్పుకుంటే టర్బో లేకుండా ఒక ఏడాది నడుపుతాను. టర్బో, స్పీడ్యునో డబ్బులు కూడిన తర్వాతే. ఈ లోపు కొలతలు మాత్రం తీసి పెట్టుకుంటాను. సోమవారం బ్లాకు మీ దగ్గరికి తేవచ్చా?

బోరింగ్_షాపు:
తీసుకురా. పిస్టన్లు విప్పొద్దు, అలాగే తే. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు బ్లాకు పై అంచుకి ఎంత కింద ఆగిందో డయల్ గేజితో చూడాలి, అది కూడా ఖాళీ లెక్కలోకే వస్తుంది. హెడ్ కూడా పట్టుకురా, పలక, సిరంజి నా దగ్గరే ఉన్నాయి.