డ్రిల్ మెషిన్ దగ్గర గ్లౌజులు తొడుక్కోవాలా, తీసేయాలా?

హనుమకొండ, గేట్లు–గ్రిల్స్ షాపు యజమాని:
మా షాపులో పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించి ఉండే డ్రిల్ మెషిన్) మీద యాంగ్లర్లకూ (ఎల్ ఆకారపు ఇనుప బద్దలకు) బేస్ ప్లేట్లకూ రంధ్రాలు వేస్తాము. అంచులు కోసుకుంటున్నాయనీ, వేడి ఇనుప రజను మీద పడుతోందనీ మా పనివారు గ్లౌజులతోనే డ్రిల్ వేస్తారు. కొత్తగా చేరిన ఐటీఐ కుర్రవాడు మాత్రం, తిరిగే యంత్రం దగ్గర గ్లౌజులు వద్దని తనకు నేర్పారంటూ ససేమిరా అంటున్నాడు. చేతుల రక్షణకని కొన్న వస్తువును తీసేయమనడం సబబేనా?

కాజీపేట, మెషినిస్టు:
కుర్రవాడి మాటే సరి. రజను గీరుకుంటే చర్మం తెగుతుంది. గ్లౌజు చిక్కుకుంటే వేలే పోవచ్చు. మెత్తటి ఇనుములో 10 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్టును, అంటే రంధ్రం వేసే మొనను, నిమిషానికి దాదాపు 800 చుట్ల వేగంతో నడుపుతాము, అంటే సెకనుకు పదమూడు చుట్లు. చెయ్యి వెనక్కి లాక్కోవాలని తోచేలోపే గ్లౌజు బిట్టుకు చుట్టుకుపోతుంది. పొడవాటి చుట్టలుగా బిట్టుతోపాటు తిరిగే రజను అంచు బ్లేడులా ఉండి, నూలు గ్లౌజు అల్లికలో ఇట్టే తగులుకుంటుంది. హ్యాండిల్‌ను ఆపి ఆపి నొక్కితే ఆ చుట్టలు ముక్కలవుతాయి. మిగిలినదాన్ని మెషిన్ ఆపి బ్రష్‌తో తీయాలి, గుడ్డతో కాదు.

మడికొండ, ఫ్యాబ్రికేషన్ షెడ్డు:
చెప్పడం తేలికే. ప్లేటు మార్చిన ప్రతిసారీ గ్లౌజులు తొడిగి తీస్తూ కూర్చుంటే పని సాగదు. మేము పలుచని నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లౌజులు వాడుతున్నాము. చిక్కుకున్నా అవే చిరిగిపోతాయి.

కాజీపేట, మెషినిస్టు:
చిరిగే తీరుతాయన్న పూచీ లేదు. పైగా అంత పలుచనివి ఇనుప అంచు నుంచి కాపాడవు కనుక, దేనికోసం తొడుక్కున్నారో అదే నెరవేరదు. అంచులను ముందే ఆకురాయితో నునుపు చేయించండి. అసలు బిట్టు దగ్గర చెయ్యి ఎందుకుంటోందో చూడండి: జాబ్‌ను, అంటే రంధ్రం వేసే ఇనుప ముక్కను, చేత్తో పట్టుకుంటున్నారు. జాబ్‌ను బిగించి పట్టే వైస్‌ను మెషిన్ టేబులుకు బోల్టులతో బిగిస్తే చేతికి అక్కడ పనే ఉండదు. బిట్టు అడుగున బయటపడే క్షణంలోనే ఎక్కువగా పట్టేసి జాబ్‌ను గిరుక్కున తిప్పుతుంది కాబట్టి, అప్పుడు ఒత్తిడి తగ్గించాలి.

మంచిర్యాల, ఐటీఐ శిక్షకుడు:
గ్లౌజుల దగ్గరే ఆగకండి. మణికట్టుకు కట్టుకున్న దారం, కడియం, మెడలో కండువా, వదులు చేతుల చొక్కా, అన్నీ అదే కోవలోకి వస్తాయి. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించే, నూనె వేసే పనివారికి బిగుతైన దుస్తులు ఉండాలనీ, వాటిని యజమానే ఇవ్వాలనీ 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే ఉండేది. కళ్ల రక్షణకు పెట్టుకునే అద్దాలు మాత్రం తీయకూడదు.

మడికొండ, ఫ్యాబ్రికేషన్ షెడ్డు:
వైస్‌లో పట్టని ఆరడుగుల యాంగ్లర్ల సంగతేమిటి?

కాజీపేట, మెషినిస్టు:
టేబులుకు క్లాంపు వేసి, బయటికి సాగిన కొసకు స్టాండు పెట్టండి. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి, యాంగ్లర్‌ను పిల్లర్‌కు ఎడమ పక్కన ఆనించి ఉంచితే, క్లాంపు జారినా అది పిల్లర్‌కే తగిలి ఆగుతుంది, మనిషి నడుముకు కాదు.