సిజేరియన్ తర్వాత నొప్పికి వెన్నులో మార్ఫిన్ ఇప్పించుకోవాలా వద్దా?

కరీంనగర్_అక్క:
వచ్చే నెల మా చెల్లికి సిజేరియన్. వెన్నుకి ఇచ్చే మత్తులోనే కొంచెం మార్ఫిన్ కలుపుతా అన్నారు మత్తు డాక్టర్. వాళ్ళ అత్తమ్మేమో క్యాన్సరోళ్ళకిచ్చే మందు బాలింతకెందుకు, అలవాటైతే ఎట్ల, పాలల్ల పోతే ఎట్ల అని ఒకటే గొడవ. మీరేమంటారు?

మత్తుడాక్టర్_గుంటూరు:
తీసుకోమనండి. వెన్నుకిచ్చే బుపివకైన్ అనే మత్తుమందు రెండు మూడు గంటల్లో దిగిపోద్ది, తోడుగా ఫెంటనిల్ అనే నొప్పిమందు వేసినా ఇంకాసేపే. అసలు నొప్పి ఆ తర్వాతే, పక్కకి తిరగాలన్నా బిడ్డని ఎత్తుకుని పాలివ్వాలన్నా ప్రాణం పోతుంది. వెన్నులో ఇచ్చే మార్ఫిన్ 100 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదో వంతు, నరానికిచ్చే డోసు ముందు అదెంత. అంత కొంచెమే 12 నుంచి 24 గంటలు పనిచేస్తుంది. పాలలోకి పోయేది నామమాత్రం, ఒక్క డోసుకి అలవాటు అవ్వదు.

స్టాఫ్‌నర్స్_పద్మ:
సార్, ఒళ్ళంతా దురద, వాంతులు అని రాత్రంతా పిలిచేది మమ్మల్ని. దానికి మందులున్నాయి సరే. నా భయం ఊపిరి గురించి. మార్ఫిన్ కొవ్వులో తొందరగా కరగదు, వెన్నునీళ్ళలోనే ఉండి మెల్లగా తల వైపు వెళ్తుంది, అందుకే ఊపిరి మందగిస్తే ఆరు, పన్నెండు గంటలకి కూడా మందగించొచ్చు, అంటే అర్ధరాత్రి. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, వార్డు నిండా బాలింతలుంటే ఒకరిద్దరు సిస్టర్లు ఎవరి ఊపిరి లెక్కపెట్టగలరు?

మత్తుడాక్టర్_గుంటూరు:
నిజమేనమ్మా, కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ డోసులో అది చాలా అరుదు. 2019లో అమెరికాలో ప్రసూతి మత్తు డాక్టర్ల సొసైటీ చెప్పింది కూడా వెన్నులో మార్ఫిన్ 50 మైక్రోగ్రాములు దాటి 150 లోపు ఇస్తే పన్నెండు గంటలపాటు రెండు గంటలకోసారి ఊపిరి, మగత చూస్తే చాలని. బాగా లావున్నవాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్ళు, బీపీకి మెగ్నీషియం ఎక్కుతున్నవాళ్ళు అయితే ఇంకా గట్టిగా చూడాలి. పారాసిటమాల్, పడేవాళ్ళకి డైక్లో (డైక్లోఫెనాక్ నొప్పిమందు) టైముకి పడుతూనే ఉండాలి, మార్ఫిన్ ఇచ్చాం కదా అని అవి మానేస్తే మాత్రం నేనొప్పుకోను.

స్టాఫ్‌నర్స్_పద్మ:
రెండు గంటలకోసారి చూసే మనిషి, చేతికందేలా మార్ఫిన్‌కి విరుగుడు నాలోక్సోన్, నిల్వ మందు (ప్రిజర్వేటివ్) కలపని మార్ఫిన్ ఆంప్యూల్ ఉంటే నాకూ అభ్యంతరం లేదు. లేని చోట పొట్ట గోడ నరాలకి మత్తు సూది, అదే టాప్ బ్లాక్, చేయండి, నొప్పి తగ్గేది కొంత తక్కువైనా రాత్రి భయం ఉండదు. కరీంనగర్ అక్కా, ఆ రాత్రి వార్డులో ఎవరుంటారో ముందే అడుగు.