నిరోష్ఠమా, నిరోష్ఠ్యమా? పెదవి కలవని రాగం, పెదవి కలవని పాట

గోదారిగట్టు: కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తయ్య భాగవతార్ కృతి "రాజరాజ రాధితే" రాగం పేరు ఒకచోట నిరోష్ఠ, ఒకచోట నిరోష్ట, ఇంకోచోట నిరోష్ఠ్య అని కనిపిస్తోంది. ఏది సరి? సాహిత్యానికంటే పెదవులతో పని గానీ, రాగానికి పెదవులతో ఏం పని? పెదవులు కలవని పల్లవి తెలుగులో కట్టాలంటే ఏ అక్షరాలు వదలాలి?

తాటాకు: ఓష్ఠం అంటే పెదవి, ఓష్ఠ్యం అంటే పెదవితో పలికే వర్ణం. పెదవి అక్కర్లేనిది నిరోష్ఠం, ఓష్ఠ్య వర్ణాలు లేనిది నిరోష్ఠ్యం. రాగానికి సంగీతజ్ఞులు వాడేది నిరోష్ఠ, పద్యానికి కవులు వాడేది నిరోష్ఠ్యం. రెండూ సాధువులే. ఠ బదులు ట రాసిన "నిరోష్ట" మాత్రం తప్పు.

కవిత్వంలో ఈ నియమం చాలా పాతది. సంస్కృత కవి దండి రాసిన దశకుమారచరితం ఏడో ఉచ్ఛ్వాసంలో (అధ్యాయంలో) మంత్రగుప్తుడు, ప్రియురాలి పంటిగాట్లకు పెదవి నొచ్చి, తన కథంతా ఓష్ఠ్యాలు లేకుండానే చెబుతాడు. తెలుగులో 16వ శతాబ్దపు మరింగంటి సింగరాచార్యులు రామకథనే ఇలా రాశారు. "రామ" అనగానే పెదవులు కలుస్తాయి కదా! అందుకే కావ్యం పేరు "దశరథరాజనందన చరిత్ర". కథానాయకుడి పేరే పలకకూడని నియమం పెట్టుకుని కావ్యం నడిపించడం మామూలు సాహసం కాదు.

అవధానంలోని నిషిద్ధాక్షరితో దీన్ని కలపకండి. అక్కడ పృచ్ఛకుడు అడుగడుగునా ఒక్కో అక్షరాన్ని అడ్డగిస్తాడు. ఇక్కడ నిషేధం ముందే తెలుసు, మొదటి నుంచి చివరి దాకా మారదు.

తంబుర: రాగం సంగతి. స్వరాల పేర్లు పలికి చూడండి. స, రి, గ, ద, ని అన్నప్పుడు పెదవులు తాకవు. మ, ప అన్నప్పుడే తాకుతాయి. ఆ రెండూ తీసేస్తే మిగిలేది స రి గ ద ని స – స ని ద గ రి స. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. ఐదు స్వరాలున్నాయి కాబట్టి ఔడవం. 29వ మేళమైన (మూలరాగమైన) ధీరశంకరాభరణానికి జన్యమంటారు, అంటే దాని నుంచి పుట్టిన రాగం. మధ్యమమే లేదు గనక 65వ మేళం మేచకల్యాణి కింద పెట్టినా స్వరాలు ఇవే.

పేరు వెనక చమత్కారం ఎలా ఉన్నా, చెవికి కొత్తగా తగిలేది గ–ద మధ్య ఖాళీ. శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం అనే నాలుగు స్థానాలు వదిలేసి దూకాలి. తప్పు జరిగేదీ అక్కడే. గాంధారం నుంచి జారుతూ ధైవతానికి వెళ్తే దారిలో పంచమం (ప) వినిపిస్తుంది, వెంటనే స రి గ ప ద స్వరాలున్న మోహన రాగం నీడ పడుతుంది. తంబురలో పంచమం మోగుతూనే ఉంటుంది కాబట్టి గొంతు అటే లాగుతుంది. ముందుగా "గా, దా" అని విడివిడిగా, జారుడు లేకుండా నిలిపి సాధన చేయాలి. "గ ద ని ద గ" అన్న ప్రయోగం తరచుగా వస్తుంటే నిషాదం రాగాన్ని మోహనం నుంచి వేరుగా నిలబెడుతుంది.

ఆలాపనలో "తదరినా" అన్న అక్షరాలు ఏ ఇబ్బందీ పెట్టవు. "ఓం" అన్నా, నోరు మూసి కూనిరాగం తీసినా నియమం పోయినట్టే. వీణ మీద వాయిస్తే ఇది అచ్చంగా ఐదు స్వరాల రాగమే, పెదవుల చమత్కారం ఇక కనబడదు.

యతిప్రాస: అక్షరాల సంగతి నేను చెబుతాను. ప ఫ బ భ మ ఎలాగూ వదలాలి. వ దంతోష్ఠ్యం, అంటే పళ్లూ పెదవీ కలిసి పలికేది. పట్టింపు ఉన్నవారు దాన్నీ వదులుతారు. ఉ ఊ ఒ ఓ ఔ పలికేటప్పుడు పెదవులు తాకవు గానీ గుండ్రంగా ముడుచుకుంటాయి. పద్యంలో ఉకారం ఒక మాత్రలో దాటిపోతుంది, క్షమించవచ్చు. పాటలో అదే అచ్చు ఆవర్తం (తాళం ఒక చుట్టు) పొడవునా సాగవచ్చు, అంతసేపూ పెదవులు ముడుచుకునే ఉంటాయి. అందుకే పాటలో అచ్చుల విషయం పద్యంలో కంటే గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం.

తెలుగులో ఇది ఎందుకు కష్టమంటే మన ప్రత్యయాలు చాలావరకు ఉకారాంతాలు: డు, లు, ను, కు, రు. వచ్చాడు, వచ్చారు, వచ్చాను అన్నీ పోతాయి. "తో", "యొక్క" కూడా పోతాయి. మిగిలేవి కి, ని, న, -ఇంది, -ఇ, -ఇన. కాబట్టి క్రియ స్త్రీలింగంలో ఉంటే వాక్యం సులువుగా నడుస్తుంది. "సీత రాముణ్ణి చేరింది" కుదరదు, "సీత దాశరథిని చేరింది" కుదురుతుంది.

కంటికి కనబడని ఉచ్చు సున్న. "చేరింది"లో సున్న నకారంలా పలుకుతుంది, ఫర్వాలేదు. "దేశం" అని ఆగితే రాతలో మకారం లేకున్నా పెదవులు మూసుకుంటాయి.

గోదారిగట్టు: అయితే ఇది చూడండి: "రారా కృష్ణా, రాధ చెంతకి దయతో".

యతిప్రాస: రెండు చోట్ల తప్పింది. "తో" ఒకటి. రెండోది "కృ". శాస్త్రం ప్రకారం ఋకారం మూర్ధన్యమే (నాలుక అంగిలి పైభాగానికి తగిలి పలికేదే) అయినా మన నోట "క్రు" అనే వస్తుంది, పెదవి ముడుస్తుంది. ఇలా మార్చండి: "రారా నందతనయా, రాధ చెంత చేరరా".

తంబుర: ఇది తూకానికీ బాగుంది. అటు 11 మాత్రలు, ఇటు 11. చివరి "యా"నీ "రా"నీ ఒక్కో మాత్ర సాగదీస్తే 12 చొప్పున రూపక తాళంలో సరిపోతుంది. రెండు చోట్లా సాగేది ఆకారమే కాబట్టి పెదవులు తెరిచే ఉంటాయి.