మనుషుల బొమ్మలు వేసే చిత్రకారుడికి కాలేజీ కొలువు మేలా, చేటా?

కుంచెపిడి:
హైదరాబాద్‌లోని ఒక కాలేజీలో 11 ఏళ్లుగా పెయింటింగ్ చెబుతున్నాను. నేను వేసేవి మనుషుల బొమ్మలు. ఇన్నేళ్లలో పూర్తయిన పెద్ద కాన్వాసులు 9 మాత్రమే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. వినడానికి అది తక్కువగానే ఉంటుంది కానీ, సబ్మిషన్లు, ఇంటర్నల్స్, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ అడిగే ఫైళ్లు కలిస్తే నా చేతికి మిగిలేది ఆదివారం ఒక్కటే. అందుకే ఈ ఉద్యోగంలో చేరాలనుకునే యువ చిత్రకారులకు వద్దనే చెబుతాను.

వంపుగీత:
మీ మాటతో ఏకీభవించలేను. కొండపల్లి శేషగిరిరావు గారు ఇక్కడి లలితకళా కళాశాలలో పాఠాలు చెబుతూనే పురాణ పాత్రలను చిత్రించారు. లక్ష్మాగౌడ్ గారు సెంట్రల్ యూనివర్సిటీలో బోధించారు. నెలనెలా జీతం వచ్చేవారికి, కొనేవారి అభిరుచికి లొంగి బొమ్మలు వేయవలసిన అగత్యం ఉండదు.

కుంచెపిడి:
సెంట్రల్ యూనివర్సిటీలో లలితకళల విభాగం 1980ల చివర్లో మొదలైంది. లక్ష్మాగౌడ్ గారికి పేరు తెచ్చిన ఎచింగులు (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తొలిచి అచ్చు తీసే బొమ్మలు), కలం బొమ్మలు అంతకు చాలా ముందే వచ్చాయి. మీ ఉదాహరణ నా వాదానికే బలమిస్తోంది.

వంపుగీత:
మళ్లీ ఆ 16 గంటల దగ్గరికే వస్తాను. అదే నిబంధన మొత్తం పనిని వారానికి కనీసం 40 గంటలుగా చెబుతుంది. ఆయిల్ రంగు ఒక పొర ఆరడానికే రోజులు పడుతుంది కదా, ఆ వ్యవధిలో పాఠం చెబితే బొమ్మకు నష్టమేమిటి?

కుంచెపిడి:
పొర ఆరేదాకా మనం ఆగగలం. ఎదుట కూర్చున్న మనిషి ముఖం మీది సాయంత్రపు వెలుతురు మన కోసం ఆగదు.

శ్రోత:
దయచేసి గంటల లెక్క విడిచిపెట్టండి.

గంటకూలీ:
నేను గెస్ట్ ఫ్యాకల్టీని. నాకు గంట లెక్కన ఇస్తారు, వేసవి సెలవుల్లో పైసా రాదు, నిరుడు ఇవ్వవలసింది ఇంకా బాకీ ఉంది. మీరిద్దరూ చర్చిస్తున్నది నాకు లేని ఉద్యోగం గురించి.

వంపుగీత:
మీ బాధ నిజమైనదే, కానీ నా ప్రశ్న కుంచెపిడి గారికి. నేను బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) చదివిన నాలుగేళ్లలో, మనిషిని ఎదుట ఉంచుకుని గీసే లైఫ్ క్లాసుకు మోడల్ వచ్చింది మూడంటే మూడుసార్లు. మిగతా రోజుల్లో మా సార్ ఫొటోలు చేతికిచ్చి తన ప్రదర్శన పనుల మీద వెళ్లిపోయేవారు. చేయి పైకెత్తినప్పుడు భుజపుటెముక చర్మం కింద ఎలా జరుగుతుందో ఏ ఫొటో చెబుతుంది? చదువు ముగిశాక అది నేర్చుకోవడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది. పాఠం మీ బొమ్మను మింగిందని మీరంటున్నారు. మా పాఠాన్ని ఆయన బొమ్మ మింగేసింది.

కుంచెపిడి:
మీ సార్ తప్పును నా నెత్తిన రుద్దకండి. మోడల్‌కు ఇవ్వడానికి నిధులు లేవన్న నెలల్లో నా జేబులోంచి ఇచ్చాను. ఏ రోజూ క్లాసు ఎగ్గొట్టలేదు. అలా ఎగ్గొట్టలేదు కాబట్టే 9 కాన్వాసుల దగ్గర ఆగిపోయాను.

వంపుగీత:
తొందరపడ్డాను, మన్నించండి. ఒక్క మాట అడుగుతాను. మీరు డబ్బులిచ్చి పిలిపించిన ఆ మోడల్ ఎదుట, పిల్లల మధ్య మీరూ ఈజిల్ వేసుకుని గీశారా?

కుంచెపిడి:
లేదు. తిరుగుతూ వాళ్ల బొమ్మలు దిద్దాను.