ఓపెన్ సోర్స్ లైబ్రరీలో భద్రతా లోపం దొరికింది, ఎక్స్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా ఆఫీసులో వాడే ఒక చిన్న లైబ్రరీలో ఫైల్ అప్‌లోడ్ దగ్గర లోపం కనబడింది. లాగిన్ లేకుండానే సర్వర్‌లో ఫైళ్లు చదివేయొచ్చు. దాన్ని చూసుకునే మెయింటెయినర్‌కి మెయిల్ పెట్టి వారమైంది, ఉలుకూ పలుకూ లేదు. స్క్రీన్‌షాట్‌తో ఎక్స్‌లో ట్యాగ్ చేస్తే కదులుతాడేమో. దాచడమెందుకు, నాకూ కాస్త పేరొస్తుంది. ఏమంటారు?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. ఇక్కడ లైబ్రరీ పేరు రాయలేదు, మంచి పని చేశావు. పోస్టు పడితే మెయింటెయినర్ కన్నా ముందు కదిలేది దాడి చేసేవాళ్లే. లాగ్4జె అనే జావా లైబ్రరీ సంగతి చూడు. 2021 నవంబరు 24న అలీబాబా క్లౌడ్ ఇంజినీరు అందులోని లోపం గురించి దాన్ని నడిపే అపాచీ వాళ్లకి గుట్టుగానే చెప్పాడు. డిసెంబరు 9న దాడి చేసే పద్ధతి ట్విట్టర్‌కెక్కింది. సరిచేసిన 2.15.0 వెర్షన్ అందరి సర్వర్లలోకీ చేరేలోపే ప్రపంచమంతా లోపమున్న సర్వర్ల కోసం స్కానింగ్ మొదలైపోయింది. నిద్రలు మానుకుని ప్యాచ్‌లు (లోపం సరిచేసే కోడ్) రాసింది ఎక్కువగా వాలంటీర్లు.

గిట్‌హబ్‌లో ఆ లైబ్రరీ కోడ్ ఉండే రిపోలో సెక్యూరిటీ ట్యాబ్ తెరువు. 'రిపోర్ట్ ఎ వల్నరబిలిటీ' బటన్ ఉంటే అక్కడ రాయి. లేకపోతే సెక్యూరిటీ.ఎండీ ఫైల్‌లో చిరునామా చూడు. అదీ లేదా, అందరికీ కనబడే మామూలు ఇష్యూ తెరిచి "భద్రత విషయం ఒకటుంది, ఎక్కడ రాయమంటారు?" అని అడుగు. వివరాలేమీ వద్దు.

ప్రశ్న: అక్కా, ఫంక్షన్ పేరు బ్లర్ చేసి పెడితే? ప్యాచ్ కూడా రాశాను, నా ఫోర్క్‌లో (రిపోకి నా సొంత కాపీ) పెడదామనుకుంటున్నా.

జవాబు: కోడంతా అందరి ముందే ఉంది కదా, "అప్‌లోడ్ దగ్గర" అన్న ముక్క చాలు వెతికేవాడికి. ఫోర్క్ అసలే వద్దు. పబ్లిక్ రిపోకి ఫోర్క్ కూడా పబ్లికే. తర్వాత డిలీట్ చేసినా, కమిట్ హ్యాష్ (ఆ మార్పుకుండే గుర్తింపు కోడ్) తెలిసినవాడు అసలు రిపో నుంచే దాన్ని తెరవగలడు. మెయింటెయినర్ అడ్వైజరీ (లోపం గురించిన ప్రకటన) తెరిచి నిన్ను చేర్చుకుంటే, అందులోని ప్రైవేట్ ఫోర్క్‌లో పెట్టు.

ఇంకొకరు: నేనూ ఒక ప్రాజెక్టు చూసుకుంటాను, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు. వారం అంటే మాకు ఏమంత ఎక్కువ కాదండీ. లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లే సరిచేసుకోవడానికి మామూలుగా 90 రోజులు ఇస్తారు. మీరూ ఒక తేదీ చెప్పి ఆగండి. అప్పటికీ పలక్కపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కి రాయండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ టూల్ సంగతి గుర్తుందా? 2022లో ముక్కూ మొహం తెలియని ఖాతాలు మెయింటెయినర్‌ని "ఇంత ఆలస్యమా" అని సతాయించాయి. ఆ ఒత్తిడి మధ్యే కొత్త మనిషి చేతికి అధికారం వెళ్లింది, 2024లో ఆ మనిషి పెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది.

పేరు ఎక్కడికీ పోదు. సరిచేసిన వెర్షన్ వచ్చాక అడ్వైజరీలో క్రెడిట్ అడగండి. లింక్డ్‌ఇన్‌లో రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే ఏ వెర్షన్‌కి మారాలో చెప్పండి, మీ కథ ఆ తర్వాత.

ప్రశ్న: బటన్ ఉంది! పంపేశాను. ఈలోగా మా సర్వర్ సంగతి?

జవాబు: ముందు మీ టీమ్ లీడ్‌కి చెప్పి ఆ అప్‌లోడ్ ఆపించు. పోస్టు పెట్టే రోజు వచ్చినా ఆఫీసు అనుమతి తీసుకునే పెట్టు, స్క్రీన్‌షాట్‌లో మీ సర్వర్ చిరునామా కనబడుతుంది మరి.