100 మీటర్లు: మూడో అడుగుకే నిటారుగా లేచిపోతున్న కుర్రాడికి స్టార్టింగ్ బ్లాక్స్ (పరుగు మొదలెట్టేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మెలు) ఎలా సర్దాలి?

కోచ్ గార్లకు, స్ప్రింట్ తెలిసిన అన్నలకు నమస్తే. గచ్చిబౌలిలో సాధన చేస్తున్న 17 ఏళ్ల కుర్రాడి కోసం అడుగుతున్నా. లక్ష్యం ప్రపంచ అండర్-20 పోటీలు. స్టాప్‌వాచ్‌లో 10.9 వస్తోంది, చేతి టైమింగ్‌కు కలిపే 0.24 చేరిస్తే ఎలక్ట్రానిక్‌లో 11.14 కిందే లెక్క. 2022లో కొలంబియాలోని కాలీలో బోట్స్వానా కుర్రాడు టెబోగో 9.91 పరుగెత్తిన మెట్టు అది, ఇంకా చాలా దూరం.

లోటంతా మొదటి 30 మీటర్లలోనే. ముందు బ్లాక్ గీతకు రెండు పాదాల దూరంలో, వెనకది మూడు పాదాల దూరంలో పెడుతున్నాం. 'సెట్'లో (తుపాకీ పేలే ముందు తుంటి ఎత్తి ఆగే భంగిమ) ముందు మోకాలు 90 డిగ్రీలు, బాగానే ఉంది. వెనకది 110 దగ్గరే ఆగుతోంది, 120-130 కావాలి. అందుకే వెనక కాలు తొయ్యట్లేదు, తొలి అడుగు పొట్టిగా పడి ఛాతీ లేచిపోతోంది. వెనక బ్లాక్ ఒక గాడి వెనక్కి జరిపితే మోకాలు తెరుచుకుంటోంది కానీ, బరువు చేతుల మీద పడి ఊగుతున్నాడు. పెద్ద పోటీల్లో తుపాకీ పేలాక 0.100 సెకను లోపు కదిలితే మొదటిసారికే బయటికి పంపేస్తారు, నా భయం అదే.

దూరాలు అలాగే ఉంచి తుంటి ఎత్తించాలా, రెండు బ్లాకులూ కలిపి జరపాలా? శరీర బరువులో 10 శాతం బరువున్న స్లెడ్‌తో (నడుముకు కట్టి లాగే బరువు బండి) 20 మీటర్లు లాగిస్తే సరిపోతుందా? హైదరాబాద్‌లో గాలిమీటరు, ఎలక్ట్రానిక్ టైమింగ్ రెండూ ఉండే ఓపెన్ మీట్‌లు ఏవో కూడా చెప్పండి. వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైమ్ అర్హతకు పనికిరాదు కదా.