ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు క్రాష్ రిపోర్టు పంపవచ్చా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను రోజూ వాడే డాక్యుమెంట్ ఎడిటర్ ఈ మధ్య పెద్ద ఫైళ్లు తెరిచినప్పుడు ఉన్నట్టుండి మూసుకుపోతోంది. ఆ వెంటనే ఒక చిన్న విండో వచ్చి, జరిగినదాని వివరాలను తయారీదారులకు పంపమంటారా అని అడుగుతోంది. నా ఫైళ్లలో ఆస్తి పత్రాలు, బ్యాంకు ఖాతాల వివరాలు ఉంటాయి కనుక ఇంతవరకు 'పంపవద్దు' అనే నొక్కుతూ వచ్చాను. అసలు ఆ రిపోర్టులో ఏమేమి వెళతాయి? పంపినా దాన్ని ఎవరైనా చూస్తారా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు:

మీరు చివర అడిగినదానితో మొదలుపెడతాను, ఎందుకంటే తమ రిపోర్టును ఎవరూ చూడరన్న నమ్మకంతోనే చాలామంది పంపడం మానేస్తారు. వచ్చిన ప్రతి రిపోర్టునూ ఒక మనిషి కూర్చుని చదవరన్న మాట నిజమే. అయితే ప్రోగ్రాం ఏ ఫంక్షన్‌లో, అంటే ఒక్కో పని చేసే ఏ కోడు ముక్కలో ఉండగా ఆగిపోయిందో సర్వరు గుర్తించి, ఒకే చోట ఆగిపోయినవాటిని ఒక గుంపుగా చేరుస్తుంది. ఏ గుంపు పెద్దదైతే ఆ లోపాన్ని డెవలపర్లు సాధారణంగా ముందు చేపడతారు. మైక్రోసాఫ్ట్ అధిపతిగా ఉన్న స్టీవ్ బామర్ 2002లో రాసిన లేఖలో, మొత్తం లోపాలలో 20 శాతమే 80 శాతం సమస్యలకు కారణమవుతున్నాయనీ, కేవలం 1 శాతం లోపాల వల్లే సగం సమస్యలు వస్తున్నాయనీ వెల్లడించారు. వాడేవాళ్లు పంపిన రిపోర్టులు చేతిలో ఉండబట్టే ఆ 1 శాతం ఏవో తేల్చగలిగారు. మీ యంత్రంలో ఎవరికీ లేని ప్రింటర్ డ్రైవరో పాత ఫాంటో ఉండి దానివల్లే క్రాష్ అవుతుంటే, మీ ఒక్క రిపోర్టు విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ పరిస్థితి డెవలపర్ల దగ్గర ఉన్న యంత్రాలలో ఎన్నటికీ ఎదురుకాకపోవచ్చు.

ఇక రిపోర్టులో ఉండేవాటి సంగతి. ప్రోగ్రాం వెర్షను, ఆపరేటింగ్ సిస్టం వెర్షను, ప్రాసెసర్ రకం, ఆ క్షణంలో మెమరీలోకి ఎక్కి ఉన్న లైబ్రరీల (ప్రోగ్రాం వాడుకునే సిద్ధ కోడు ఫైళ్ల) జాబితా, ఏ ఫంక్షన్ దేన్ని పిలిస్తే చివరికి ఎక్కడ ఆగిందో చూపే వరస, ఇవన్నీ దాదాపు ప్రతి రిపోర్టులోనూ ఉంటాయి. వీటిలో మీ ఆస్తి పత్రాలకు సంబంధించినదేమీ లేదు. ఆలోచించవలసినది వీటితోపాటు వెళ్లే మెమరీ డంప్ గురించి, అంటే ఆగిపోయిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు గురించి. చాలా ప్రోగ్రాములు పంపేది మినీడంప్, అంటే ప్రతి థ్రెడ్ (ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే ఒక్కో పని) తాలూకు స్టాక్ అనే మెమరీ భాగం మాత్రమే. ఫంక్షన్లు ఆ క్షణంలో చేతిలో పట్టుకున్న విలువలు స్టాక్‌లోనే ఉంటాయి కనుక, మీరు అప్పుడే టైపు చేసిన పదాల తునకో, మీ పేరు కలిసిన ఫైలు చిరునామానో అందులోకి రావచ్చు. పూర్తి డంప్ అయితే ప్రోగ్రాం మెమరీ మొత్తం ఉంటుంది, తెరిచి ఉన్న డాక్యుమెంటు కూడా దానితోపాటే వెళ్లిపోతుంది. తేడా ఎంతటిదో తెలియాలంటే విండోస్ మొత్తంగా ఆగిపోయినప్పుడు రాసుకునే డంప్‌ను చూడండి: 64 బిట్ విండోస్‌లో చిన్న డంప్ 256 కిలోబైట్లు, పూర్తి డంప్ మీ ర్యామ్ ఎంత ఉంటే సుమారుగా అంత.

అందువల్ల పంపే ముందు ఆ విండోలో 'వివరాలు' అనే మీట ఉందేమో చూడండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ క్రాష్ విండోలో అది ఉంటుంది, మీరు చూస్తున్న పేజీ చిరునామాను జతచేయాలా వద్దా అనే టిక్కు పెట్టె కూడా ఉంటుంది. ఆ టిక్కు తీసేసి మిగతాది పంపవచ్చు.

మరొకరి జవాబు:

పై వివరణతో ఏకీభవిస్తున్నాను, కానీ ఒక హెచ్చరిక తప్పనిసరి అనుకుంటున్నాను. ఆ సమాచారం మీది కాకుండా ఇతరులది అయినప్పుడు, అంటే మీరు రోగుల రికార్డులు గానీ ఖాతాదారుల లెక్కలు గానీ చూసే ఉద్యోగంలో ఉన్నప్పుడు, పంపే నిర్ణయం మీరు తీసుకోకూడదు. అది సంస్థలో కంప్యూటర్లు చూసేవారికి వదిలేయాలి. రిపోర్టు దారిలో ఎవరి కంటా పడదనీ అనుకోవద్దు. విండోస్ క్రాష్ రిపోర్టులను అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ మధ్యలోనే పట్టుకుని, ఎవరి యంత్రంలో ఏ లోపాలున్నాయో తెలుసుకోవడానికి వాడుకుందని ఆ సంస్థ అంతర్గత పత్రాల ఆధారంగా జర్మనీకి చెందిన డెర్ ష్పీగెల్ పత్రిక 2013 డిసెంబరులో రాసింది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా ఫైళ్లు నావే కనుక రెండో ఇబ్బంది లేదు. కానీ నా ఎడిటర్ చూపే విండోలో 'వివరాలు' అనే మీట లేదు, మినీడంప్ పంపుతోందో పూర్తి డంప్ పంపుతోందో తెలిసే మార్గం కనబడటం లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

మొదటి జవాబు రాసినవారు:

అప్పుడు ఆ ఫైలు తెరిచి ఉండగా వచ్చిన రిపోర్టును పంపకండి. దానికి బదులు వేరే కొత్త ఫైలు తెరిచి, అర్థంలేని వాక్యాలతో, ఊరికే వేసిన అంకెల పట్టికలతో దాన్ని అసలు ఫైలంత పెద్దది చేయండి. ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. పాత డాక్యుమెంటు మెమరీలో మిగలకుండా ఉండటానికి ఈ పని తప్పక చేయాలి. తరువాత ఆ ఉత్తుత్తి ఫైలుతోనే క్రాష్ అయ్యేలా చేసి, ఆ రిపోర్టును నిశ్చింతగా పంపండి. ఎడిటర్ 'ఇటీవలి ఫైళ్ల' జాబితాలో పాత పేర్లు ఉంటే వాటినీ ముందే తుడిచేయండి, ఎందుకంటే ఫైళ్ల పేర్లు డంప్‌లోకి వచ్చే అవకాశం ఉంది.

వ్యాఖ్య రాసే చోటు ఉంటే ఖాళీగా వదలవద్దు. 'మీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఇంతే' అని రాస్తే డెవలపరుకు దక్కేదేమీ లేదు. 'చాలా పేజీల ఫైలులో పట్టిక మధ్యనుంచి ఒక అడ్డువరసను తొలగించి, వెంటనే చేసిన పనిని రద్దు చేయమన్నాను, అప్పుడు మూసుకుపోయింది' అని రాస్తే, ఎక్కడ ఆగిందో మాత్రమే చూపే రిపోర్టుకు అక్కడిదాకా ఎలా వచ్చిందో కూడా తోడవుతుంది. ఆ ఒక్క వాక్యంతో లోపాన్ని తమ యంత్రంలో మళ్లీ రప్పించుకోగలిగితే డెవలపరుకు సగం పని అయిపోయినట్టే. వ్యాఖ్యలో మాత్రం ఫోను నంబరు, పాస్‌వర్డు వంటివి ఎన్నడూ రాయకండి.

పై మిత్రులు చెప్పినదానికి నేనొకటి చేరుస్తాను. విండో ద్వారా పంపే రిపోర్టు తయారీదారుల సర్వరుకే చేరుతుంది. అదే లినక్స్ ప్రోగ్రాములకు సంబంధించిన బహిరంగ బగ్ (లోపాల) జాబితాలో మీరే స్వయంగా స్టాక్ ట్రేస్‌ను, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే ఆ వరసను అతికిస్తే, అది లోకమంతా చదవగలిగేదవుతుంది, సెర్చ్ ఇంజన్లకూ దొరుకుతుంది. ట్రేస్‌లో ఫంక్షన్లకు అందిన విలువలు ఉంటాయి కనుక, అతికించే ముందు పై నుంచి కింది దాకా ఒకసారి చదివి, మీ పేరు, ఫోల్డరు పేర్లు, ఈమెయిల్ కనిపించిన చోట్ల చుక్కలు పెట్టండి. ఫంక్షన్ల పేర్లను మాత్రం ముట్టుకోవద్దు, అవి పోతే ట్రేస్ ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:

మీరు చెప్పినట్టే ఉత్తుత్తి ఫైలుతో ప్రయత్నించగా అదే చోట మూసుకుపోయింది, వ్యాఖ్యతో సహా పంపాను. నేను పాతవాటికి 'పంపవద్దు' అన్నాను కదా, అవి యంత్రంలో ఎక్కడైనా మిగిలి ఉంటాయా? ఫోనులో అయితే అసలు ఎవరూ అడగరెందుకు?

మొదటి జవాబు రాసినవారు:

వద్దన్నవి ఒక్కోసారి డిస్కులోనే ఉండిపోతాయి. ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పట్టీలో అబౌట్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, క్రాషెస్ అని టైపు చేస్తే పంపినవీ పంపనివీ రెండూ కనిపిస్తాయి, అక్కడే తొలగించవచ్చు. ఉబుంటు లినక్స్‌లో అవి వార్ ఫోల్డరులోని క్రాష్ అనే ఉపఫోల్డరులో చేరతాయి. మీ ఎడిటర్‌కు సంబంధించినవి దాని సెట్టింగ్స్ ఫోల్డరులో డంప్ అన్న పేరుతో ఉన్నాయేమో వెతకండి. దొరికితే నిరభ్యంతరంగా తొలగించవచ్చు.

ఫోనులో తొలిసారి సెటప్ చేసినప్పుడే ఒకసారి అడిగి ఊరుకుంటారు. ఐఫోనులో ఆ ఎంపిక సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో అనలిటిక్స్ కింద ఉంటుంది, యాప్ డెవలపర్లతో పంచుకోవాలా అన్నది అక్కడే విడిగా ఎంచుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో యూసేజ్ అండ్ డయాగ్నస్టిక్స్ అనే పేరుతో ఉంటుంది. అయితే చాలా యాప్‌లు క్రాష్‌లిటిక్స్ వంటి క్రాష్ రిపోర్టుల సేవను తమలోనే కలుపుకుని ఉంటాయి కనుక, ఫోను సెట్టింగ్‌ను ఆపినా అవి ఆగవు. ఆ యాప్‌ల సెట్టింగ్స్‌లో విడిగా చూసుకోవలసిందే.